నాలుగో కంచం

రెండేళ్లుగా పొరపాటున నాలుగు కంచాలు పెడుతూ వచ్చిన టైలరమ్మ, తినడానికి నిజంగానే నలుగురున్న ఆ ఆదివారం మధ్యాహ్నం, గుర్తు పెట్టుకుని మరీ మూడే పెట్టింది.

మేస్త్రి కంచాల వంక చూశాడు. ఆమె వంక చూశాడు. చేతులు కడుక్కొచ్చి తన చోట కూర్చున్నాడే గానీ, కళ్లు మూసుకోలేదు, తల వంచలేదు.

“ప్రార్థన చెయ్యండి. చల్లారిపోతోంది,” అంది టైలరమ్మ.

“చల్లారనీ.”

“ఏం, ఇవాళ దేవుడితో కూడా మాటల్లేవా?”

“గుమ్మం అవతల ఒకడు ఆకలితో కూర్చుని ఉంటే ఏ నోటితో చెయ్యమంటావు?”

“నా కొడుకు రెండేళ్లుగా తినలేదు. ఇన్నాళ్లూ ఏ నోటితో చేశారో ఆ నోటితోనే చెయ్యండి.”

మేస్త్రి లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆ చేతుల్లోంచి గ్రీజు వాసన పోదు. ఎవరో తన దగ్గర దాచమని ఇచ్చి వెళ్లినట్టు, ఆ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు.

“నాన్న ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారుతుంది. మొదలుపెట్టకపోతే అమ్మ వేడెక్కుతుంది. ఎటు చూసినా నష్టం నాకే,” అంది కూతురు. దానికి పదహారు నిండినా ఇంట్లో ఇంకా ‘చిన్నది’ అనే పిలుస్తారు.

ఎవరూ నవ్వలేదు. పెద్దాడుంటే నవ్వేవాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరు ఏ ముచ్చట చెప్పినా, చివర్లో ఒక మనిషి నవ్వు పట్టేంత ఖాళీ మిగిలిపోతోంది.

చిన్నది తన కంచం పట్టుకుని లేచింది.

“ఎక్కడికే?”

“చెయ్యి కడుక్కోడానికి.”

“కంచంతోనా?”

“కంచం మాత్రం కడగొద్దా?” అంటూనే తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

తలుపు సందులోంచి టైలరమ్మకి మెట్ల వరస కనిపించింది. ఆ పాత మేడలో కింది అంతస్తు వాటా వీళ్లది. గుమ్మం దాటితే నాలుగడుగుల వరండా, ఒక పక్క మెట్లు, ఇంకో పక్క లిఫ్టు. అట్టడుగు మెట్టు మీద పిచ్చుక కూర్చుని ఉన్నాడు. ఒళ్లో సంచి. వీపు మొత్తం లిఫ్టు వైపు తిప్పి, గోడకేసి చూస్తున్నాడు.

ఆ పేరు పెట్టింది పెద్దాడే. వంతెన కింద ఎవరెవరితోనో తిరుగుతూ, గుడ్డలో జిగురు మందు పోసుకుని పీలుస్తూ, దొరికింది తింటూ ఉండే పిల్లవాణ్ణి ఒకరోజు వెంటబెట్టుకొచ్చి, “నాన్నా, వీడికి పని నేర్పుదాం. పేరడిగితే చెప్పడు. చెయ్యి చాపితే ఎగిరిపోతాడు. అందుకని పిచ్చుక అంటున్నా,” అన్నాడు. ఏడాది తిరక్కుండానే ఈ గుమ్మంలోకి వాడు ‘అమ్మా, అడుగంటిందైనా సరే పెట్టు’ అని అరుచుకుంటూ వచ్చేంత చనువు వచ్చేసింది. వాడికి అన్నం పెట్టింది ఈ చెయ్యే. వాడి చొక్కాకి గుండీలు కుట్టింది ఈ చెయ్యే.

ఆ తర్వాత ఒక సాయంత్రం, ఈ లిఫ్టులోనే, ఈ గోడకి అవతలే, పెద్దాడు కింద గోతిలో పని చేస్తుండగా పైన మిషన్ రూములో ఉన్న పిచ్చుక స్విచ్చి వేశాడు.

చిన్నది వచ్చి కూర్చుంది. చేతిలో కంచం లేదు.

“తిన్నాడా?” మేస్త్రి అడిగాడు.

“అమ్మగారికి తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. పక్కన పెట్టేశాడు.”

అమ్మగారు. ఆ మాట టైలరమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు ఒళ్లు మండింది.

“పక్కన పెట్టాడా? బుద్ధి చాలా వచ్చిందే ఆ బాలుర గృహంలో. కొడుకుని తిన్నవాడికి కూడు ఎక్కడ దిగుతుందిలే!”

“అమ్మా!”

“నువ్వు నోరు ముయ్యి.”

*

గొడవంతా పొద్దున చర్చి నించి వచ్చాక మొదలైంది. ఆరాధన అయ్యాక ఆమె చిన్నదాన్ని తీసుకుని ఇంటికి వచ్చేసింది. మేస్త్రి మాత్రం పాస్టరుగారి స్కూటరెక్కి ఎటో వెళ్లాడు. పొయ్యి మీద గిన్నె దించుతుంటే గుమ్మంలో రెండు నీడలు పడ్డాయి. ఒకటి మొగుడిది. రెండోదాన్ని ఆమె పాదాలు చూసి గుర్తుపట్టింది. పొడుగు పెరిగాడు. పాదాలు మాత్రం అవే, లోపలికి వంకర తిరిగిన బొటనవేళ్లు.

ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

వాడి ఈడు దాటిపోయిందని బాలుర గృహం వాళ్లు పంపించేశారు. ఎవరూ లేనివాళ్లని వేరే ఊళ్లో ఒక వసతికి పంపుతారు. ఆ వసతి చుట్టూ ఉన్నదంతా పాత వంతెన కింది బ్యాచ్ లాంటివాళ్లేనని, అక్కడికి వెళ్తే వాడు మళ్లీ మందులో పడతాడని పాస్టరుగారు చెప్పారు. ‘ఇంటావిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే మీ దగ్గరుంచుతాను. సాయంత్రం వచ్చి ఆమెనే అడుగుతాను. కాదంటే నాతో తీసుకెళ్లి బండెక్కిస్తాను,’ అని కూడా చెప్పారట. ఇదంతా మేస్త్రి నిలబడే చెప్పాడు, కూర్చునే ధైర్యం లేనట్టు.

ఇప్పుడు అన్నం ముట్టుకోకుండా లేచి, బీరువా దగ్గరికి వెళ్లాడు.

“అదెందుకు తీస్తున్నారు?”

“వాడి ఒంటి మీద గృహం ముద్రున్న చొక్కా ఉంది. వీధిలో అందరూ దాన్నే చూస్తారు. పెద్దాడి చొక్కా ఒకటి…”

ఆమె బీరువాకి అడ్డం వచ్చి నిలబడింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

“వాడి బట్టల మీద చెయ్యి వేస్తే చూడండి.”

“ఊరికే మడతల్లో ఉన్నాయి కదే.”

“ఉండనీండి. చిమటలు కొట్టనీండి. ఆ దొంగ ఒంటి మీదకి మాత్రం వెళ్లడానికి వీల్లేదు.”

మేస్త్రి చేతులు దించుకున్నాడు. “చూడు. వాడు చేసింది చిన్నదని నేను అనడం లేదు. పెద్దాడు పోయాక ఈ పన్లోకి నేను దిగిన ప్రతిసారీ, గోతిలో నించుని పైకి చూస్తే నాకు ఏం కనిపిస్తుందో నీకు తెలీదు. కానీ ఆ పిల్లవాణ్ణి వంతెన కింది నించి తెచ్చింది మనవాడు. వాడు సగంలో వదిలేసి వెళ్లిన పని అది ఒక్కటే. మిగతావన్నీ నేను పూర్తి చేశాను.”

“ఆదివారం బడిలో పిల్లలకి చెప్తారే, తప్పిపోయిన గొర్రె కథ. ఒక్కదాని కోసం మందనంతా వదిలేసి వెళ్లాడని. నేనొకటి అడుగుతాను, చెప్పండి. ఆయన వెతుక్కుంటూ వెళ్లాడు సరే, వెనకాల మందలో ఒకటి చచ్చిపోతే? దాన్ని కన్నది ఎవరితో చెప్పుకోవాలి?”

“ఆయనతోనే చెప్పుకోవాలి. నేనూ అదే చేస్తున్నాను,” అన్నాడు మేస్త్రి మెల్లగా. “నువ్వూ కొంత చెప్తున్నావు. ఆ ఒక్క వాక్యం తప్ప.”

టైలరమ్మ ఉలిక్కిపడింది.

ప్రతి ఆదివారం అందరూ లేచి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్తారు. తమకి అపకారం చేసినవాళ్లని క్షమించినట్టు తమనీ క్షమించమనే చోటికి రాగానే ఆమె పెదవులు మూసుకుపోతాయి. తర్వాతి వాక్యం దగ్గర మళ్లీ అందుకుంటుంది. అంతమంది గొంతుల్లో ఒక్క గొంతు ఆగితే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. రెండేళ్లుగా మగవాళ్ల వరసలో అంత దూరాన నిలబడి ఈయన వింటున్నాడన్నమాట. ఒక్కసారీ అడగలేదు.

ఆ మంచితనమే ఆమెని ఇంకా రెచ్చగొట్టింది.

“అయితే వినండి. నేను క్షమించాలంటే వాడు ఏం చేశాడో మీరంతా కళ్లారా చూడాలి. మీకు వాడి బొటనవేళ్లు కనిపిస్తున్నాయి. నాకు నా నాడా కనిపిస్తోంది. స్టూలు తేవే చిన్నదానా.”

“అమ్మా, వద్దమ్మా…”

“తెమ్మన్నానా?”

*

లిఫ్టు పనివాళ్లకి ఒక కట్టుబాటుంది. ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు అది. కింద గోతిలోకి దిగేవాడు ముందు పైకి వెళ్లి మెయిన్ స్విచ్చి తీసేయాలి. దానికి తాళం వేయాలి. ఆ తాళంచెవి తన జేబులో వేసుకుని అప్పుడు దిగాలి. పైన ఎవడున్నా సరే, సాక్షాత్తూ దేవదూతే కాపలా ఉన్నా సరే, చెవి చేతికివ్వకూడదు. మేస్త్రి ఈ మాటని పిల్లలకి ఎక్కాలతో పాటే నేర్పాడు.

పెద్దాడేమో వస్తువులు పారేసుకునే రకం. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒకసారి ఎడంకాలి చెప్పు. తాళంచెవి గోతిలో జారిపడిపోతుందని టైలరమ్మ వాడి పని ప్యాంటు జేబు లోపల గట్టి నాడా ఒకటి కుట్టింది. నాడా చివర కాజా, జేబు అంచుకి గుండీ. చెవిని నాడాకి గుచ్చి గుండీ పెడితే మనిషి తలకిందులైనా పడదు. కాజా ఎంత బిగువుగా తీసిందంటే, “అమ్మా, ఇది విప్పాలంటే రెండు చేతులూ చాలవు, పళ్లు కూడా కావాలి,” అని వాడు రోజూ సణిగేవాడు. నిజంగానే పళ్లతో లాగేవాడు. “మేకలా ఆ నమలడమేమిట్రా!” అని ఆమె కసిరేది.

విచారణలో పిచ్చుకని అడిగారు, తాళంచెవి నీ దగ్గరికి ఎలా వచ్చిందని. ‘నా దగ్గరే ఉంది’ అన్నాడు. దొంగిలించావా అంటే తల వంచుకున్నాడు. ఇంక అడగాల్సింది ఏముంది? పెద్దాడు వంగి పనిముట్లు సర్దుకుంటుంటే జేబులోంచి నాడా తెంపి లాక్కున్నాడు. పాత బుద్ధి. అంతే కదా. అందరూ అలాగే అనుకున్నారు. తెగిన నాడాని మాత్రం ఎవరూ చూడలేదు. ఆమె చూడకుండానే రెండేళ్లు దాన్ని రోజూ చూసింది.

ఆసుపత్రి వాళ్లిచ్చిన మూట బీరువా పైన, పాత దుప్పటి వెనకాల ఉంది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. దింపి నేల మీద పెట్టింది. మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, పక్కకి తిరిగి. చిన్నది నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ముడి గోళ్లతో రాలేదు. కత్తెర తెచ్చి కోసింది.

లోపల బట్టలు అట్టకట్టి ఉన్నాయి. మరకల్ని ఆమె చూడలేదు. కుట్టుపనివాళ్లు బట్ట మొత్తం చూడకుండా కుట్టు ఒక్కటే చూడగలరు. ఇన్నేళ్ల అలవాటు ఆ పూట ఆమెకి దేవుడిచ్చిన దయలా పనికొచ్చింది. ప్యాంటు తిరగేసింది. కుడి జేబు సంచి బయటికి లాగింది.

నాడా ఉంది.

తెగలేదు. చిరగలేదు. కుట్టు ఊడలేదు. గుండీ దాని చోట అది ఉంది, దారం కూడా వదులవలేదు. కాజా నోరు విచ్చుకోలేదు. ఎవరైనా లాగేసుకుని ఉంటే గుండీ అయినా రాలిపోవాలి, జేబు అంచైనా చిరగాలి. ఆ కుట్టు ఆమెది. ఆమెకి తెలుసు.

నాడాని వెలుతురు కేసి పట్టుకుంది. చివర, కాజాకి కొంచెం పైన, బట్ట నలిగి చిన్న చిన్న నొక్కులు పడి ఉన్నాయి. మేక నమిలినట్టు.

గోడ అవతల లిఫ్టు ఎవరి కోసమో పైకి వెళ్లింది. తీగలు జీరాడిన చప్పుడు గోడలోంచి ఇంట్లోకి వచ్చి, కుట్టుమిషను ఉండాల్సిన చోట తిరిగి, పోయింది. ఆ చప్పుడు పడలేకే కుట్టుమిషన్ని రెండేళ్ల కింద వంటింటి పక్కకి జరుపుకుంది.

“ఏమైందే?” అన్నాడు మేస్త్రి, ఇటు తిరక్కుండానే.

ఆమె ప్యాంటు చేత్తో పట్టుకుని లేచి, తలుపు తీసి బయటికి నడిచింది.

*

పిచ్చుక ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. పక్కన, మెట్టు మీద చిన్నదాని కంచం అలాగే ఉంది, అన్నం పైన ఎండిపోయి. చీమలు పట్టకుండా చుట్టూ నీళ్లు చిలకరించి ఉన్నాయి. తినని అన్నాన్ని కూడా కాపాడుకుంటున్నాడు వెధవ, అనుకుంది. అనుకున్నాక ఆ ‘వెధవ’ పాత రోజుల్లోదని గుర్తొచ్చింది.

“వెళ్లిపోతానమ్మగారూ. పాస్టరుగారు రాగానే. మేస్త్రిగారే బలవంతం చేసి…”

“తాళంచెవి నీకెవరిచ్చారు?”

వాడి చూపు ఆమె చేతిలో ఉన్నదాని మీద పడింది.

“నేనే తీసుకున్నానండీ.”

“ఎలా తీసుకున్నావు?”

“జేబులోంచి.”

“ఏ జేబులోంచి?”

వాడు తడబడ్డాడు. “చొక్కా జేబులోంచి.”

“చొక్కా జేబులో వాడు ఎప్పుడూ చెవి పెట్టుకోలేదురా.”

“అయితే… ఏమో. గుర్తులేదండీ. నేనే తీశాను. నేను దొంగనే కదా. అందరికీ తెలుసు కదా.”

ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. కోపంలో కన్నా ఆ తగ్గిన గొంతుకే వాడు ఎక్కువ భయపడ్డాడు.

“నాకొక్కటి చెప్పు. చేత్తో విప్పాడా, పళ్లతో విప్పాడా?”

వాడు సంచిని గుండెకి గట్టిగా అదుముకున్నాడు. అది నలిగి, లోపల డబ్బా ఏదో చప్పుడైంది.

“పళ్లతో,” అన్నాడు.

అని, మెట్టు మీద కూలబడిపోయాడు.

“నేను వద్దన్నానమ్మా. ‘కట్టుబాటు కదా, వద్దన్నా’ అన్నాను. నేను మందు మానేసి చాలా రోజులైంది, అన్నకి తెలుసు. ‘నిన్ను నమ్మట్లేదని నువ్వు రోజూ అనుకుంటావు, నాకు కనిపిస్తుంది. ఇవాళ్టి నించి ఇది నీ దగ్గరుంటుంది. నేను దిగుతాను, నువ్వు కాపలా’ అన్నాడు. నవ్వాడు. పళ్లతో లాగి, విప్పి, నా చేతిలో పెట్టాడు. నా జన్మలో ఎవరూ నాకు తాళంచెవి ఇవ్వలేదమ్మా.”

అమ్మా అంటున్నాడని వాడికి తెలియడం లేదు. ఆమెకి తెలుస్తోంది.

“తర్వాత?”

“పైకి వెళ్లాను. భయమేసింది.”

“దేనికి?”

“అంత నమ్మితే భయమేసిందమ్మా. చేతులు వణికాయి. మిషన్ రూము వెనకాల పాత డబ్బా ఒకటి ఎప్పుడో దాచి ఉంచాను. ఒక్కసారే అనుకున్నాను. ఒక్కసారి పీలిస్తే వణుకు పోతుందని.” వాడు మాటలు మింగుతూ చెప్పాడు. “కళ్లు మూతలు పడ్డాయి. ఎవరో పై అంతస్తులో లిఫ్టు, లిఫ్టు అని అరిచారు. లేచాను. చేతిలో చెవి ఉంది. తాళం తీశాను, స్విచ్చి వేశాను. వేశాక… వేశాకే గుర్తొచ్చింది.”

మెట్ల మలుపులో ఎక్కడో కుళాయి చుక్కలు పడుతున్నాయి.

“ఇదంతా విచారణలో ఎందుకు చెప్పలేదురా?”

“చెప్తే, కట్టుబాటు తప్పింది అన్నే అంటారు. తప్పు అన్నదే అంటారు. మేస్త్రిగారి కొడుక్కి పని రాదంటారు.” ముక్కు చొక్కా చేతికి తుడుచుకున్నాడు. “నాకు ఎలాగూ దొంగని పేరుంది. ఇంకోటి చేరితే బరువేముంది? అన్నకి ఆ పేరు లేదు కదమ్మా.”

వెనకాల ఏదో చప్పుడైతే ఆమె తిరిగి చూసింది. మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఇన్నాళ్లూ వీణ్ణి దొంగనుకునే నెలనెలా గృహానికి వెళ్లి చూసొచ్చాడు, దొంగనుకునే ఇంటికి తెచ్చాడు. తన కొడుకు తన కట్టుబాటునే పళ్లతో విప్పి ఇచ్చేశాడని మాత్రం ఆయనకి తెలియదు. ఆ మొహం చూస్తే ఆమెకి, ఎన్ని నెలలకో, భర్త మీద జాలేసింది.

“దేవదూతకి కూడా ఇవ్వొద్దని చెప్పాను,” అన్నాడు మేస్త్రి, ఎవరితోనో. “దేవదూతకి ఇవ్వలేదు వాడు. వీడికిచ్చాడు.”

టైలరమ్మ అక్కడే నిలబడిపోయింది. దొంగ అయితే బాగుండేది. దొంగని ద్వేషించడం ఎంత తేలిక! ఇప్పుడు వీడు దొంగ కాడు. చంపినవాడు మాత్రం అవును. తన కొడుకు ఆఖరిసారి నవ్వింది వీడి కేసి చూసి. ఆఖరిసారి నమ్మింది వీణ్ణి. ఆ నమ్మకం వృథా అయిందా, ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందా అన్నది ఇప్పుడు తన నోటి మాట మీద ఆగి ఉంది. ఆ బరువు ఆమె అడగలేదు. ఎవరో విప్పి చేతిలో పెట్టినట్టు వచ్చి పడింది.

*

వీధి దీపాలు వెలిగే వేళకి లిఫ్టు కిందికి వచ్చింది.

రోజూ వస్తుంది. పాత లిఫ్టు, కాసేపు ఎవరూ వాడకపోతే దానంతట అదే కింది అంతస్తుకి దిగి, తలుపు తెరిచి, కాసేపాగి మూసుకుంటుంది. అందులో వింతేమీ లేదని మేస్త్రి మొదట్లో చెప్పాడు. కానీ మునిమాపు వేళ ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఖాళీ లిఫ్టులో దీపం వెలుగుతుంటుంది. ఎవరూ దిగరు. తలుపు మూసుకుంటుంది. “ఆ ఏర్పాటు తీసేయనా?” అని ఆయన ఒకసారి అడిగాడు. వద్దంది. ఆయన తీసేయలేదు.

ఇవాళా తలుపు తెరుచుకుంది. పిచ్చుక గభాలున గోడ వైపు తిరిగిపోయాడు, చెవులు మూసుకుని.

సందు మొదట్లో పాస్టరుగారి స్కూటరు చప్పుడు వినిపించింది.

అప్పటిదాకా చేతిలోనే ఉన్న ఆ ప్యాంటుని టైలరమ్మ మడిచింది. జేబు లోపలికి తోసి, కాళ్లు సమంగా కలిపి, కొట్లో బట్టలు మడిచినంత జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుంది. రెండేళ్లలో ఎన్నడూ ఎక్కని లిఫ్టులోకి నడిచి, వెనక్కి తిరిగింది.

“రా,” అంది.

పిచ్చుక కదల్లేదు.

“నిన్నేరా. ఎక్కడ కూర్చున్నావో, ఎక్కడ నిలబడి వేశావో నాకు చూపించు.”

“వద్దమ్మా. నా వల్ల కాదు.”

“నా వల్ల మాత్రం అవుతుందా? రా.”

మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు. “నేనూ వస్తాను.”

“మీరుండండి.”

“వద్దే. డాబా మీద పిట్టగోడ కూడా సరిగ్గా లేదు. మీరిద్దరూ…” భయం ఎవరి కోసమో ఆయనకే తేలలేదు.

వాడు లేచాడు. నీళ్లలోకి దిగేవాడిలా ఒక్కో అడుగూ వేసి లోపలికి వెళ్లాడు. ఆమె పక్కన, అంగుళం కూడా తగలకుండా, మూలకి ఒదిగి నిలబడ్డాడు.

“కంచాలు పెట్టవే చిన్నదానా,” అంది టైలరమ్మ.

“ఎన్ని పెట్టనమ్మా?”

తలుపు మూసుకుంది.

పాస్టరుగారు స్కూటరు ఆపి, చెమట తుడుచుకుంటూ వరండాలోకి వచ్చేసరికి, తండ్రీ కూతురూ లిఫ్టు ముందు నిలబడి తలుపు మీద మారుతున్న అంకెల్ని చూస్తున్నారు. చిన్నది చేతిలో కంచాలున్నాయి, గుండెకి అదుముకుని.

“ఏమన్నారు అమ్మగారు?” అడిగారు పాస్టరుగారు.

మేస్త్రి చెయ్యెత్తి ఆగమన్నాడు. చల్లటి ఇనప తలుపుకి చెవి ఆనించాడు. ఏ చప్పుడు ఏమిటో ఆయనకి చెప్పక్కర్లేదు. లిఫ్టు పై అంతస్తు చేరింది. తలుపు తెరుచుకుంది. రెండు జతల పాదాలు. డాబా మెట్లు. మిషన్ రూము ఇనప తలుపు కిర్రుమంది.

ఆ తర్వాత ఏమీ లేదు.

“దిగి వస్తుందిలే నాన్నా,” అంది చిన్నది. “ఎవరూ లేకపోతే అదే దిగి వస్తుంది కదా.”

వాళ్లు ఎదురు చూశారు. దిగాల్సిన వేళ వచ్చింది. దాటింది. సందులో దీపాలన్నీ వెలిగాయి. పాస్టరుగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

మేస్త్రి మెట్ల వైపు పరుగు తీయబోయి, మళ్లీ ఆగి, తలుపుకి అరచెయ్యి ఆనించాడు. తీగలు కదలడం లేదు. లిఫ్టు పైనే ఉండిపోయింది.

పైన ఎవరో, రెండో మనిషి కూడా వచ్చి ఎక్కేదాకా, దాని తలుపు మూసుకోనివ్వకుండా పట్టుకుని నిలబడి ఉన్నారు.